దొంగ నిలబెట్టిన మాట

ఒక ఊరి పిల్లలు ముగ్గురిని గాబ్లిన్లు అనే చిన్న దుష్టజీవులు ఎత్తుకుపోయాయి. వాళ్లను వెనక్కి తేవడానికి నలుగురు కొండగుహలోకి దిగారు: ఒక మంత్రగత్తె, గొడ్డలి పట్టిన మరుగుజ్జు వీరుడు, ఒక దొంగ, ఒక పాలడిన్. పాలడిన్ అంటే దైవసాక్షిగా ప్రతిజ్ఞ చేసి కత్తి పట్టిన యోధుడు. అబద్ధమాడడు, లొంగిపోయినవాణ్ణి చంపడు. ఆ నిష్ఠకు ఫలంగా, గాయం మీద అతను చెయ్యి పెడితే గాయం మానుతుంది.

ఇదంతా జరిగింది ఒక బల్ల చుట్టూ, డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో. పాత్రలు ఆడేవాళ్లు నలుగురు. ఐదో మనిషి డంజన్ మాస్టర్. కథ నడిపేదీ, తీర్పు చెప్పేదీ ఆయనే.

దారి పొడుగునా పాలడిన్ మిగతావాళ్లను ఊపిరి తీసుకోనివ్వలేదు. సమాధి మీది వెండిగిన్నెను దొంగ ముట్టుకోబోతే చేతి మీద కొట్టాడు. కాపలా గాబ్లిన్‌కు మంత్రగత్తె ఏదో కల్లబొల్లి కబురు చెప్పి పక్కకు పంపబోతే "నా ఎదుట అబద్ధమా!" అని అరిచాడు. ఆ అరుపుకు గుహ అంతా మేలుకుంది, మరుగుజ్జు భుజంలో బాణం దిగింది. "నా ప్రతిజ్ఞ అలాంటిది మరి, నేనేం చెయ్యను?" అన్నాడు ఆ పాత్ర ఆడుతున్న కుర్రాడు.

చివరికి ఒక ముసలి గాబ్లిన్ పట్టుబడింది. "పిల్లలున్న చోటు చూపించు. నిన్ను ప్రాణాలతో వదిలేస్తాం. ఇది నా మాట" అన్నాడు పాలడిన్. అది నిజంగానే చూపించింది. పిల్లలు ముగ్గురూ ఒక గోతిలో దొరికారు. ఒకడి కాలికి లోతైన గాయం.

"దీన్ని వదిలితే తెల్లారేలోపు గుంపును వెంటేసుకొస్తుంది. ఈ పిల్లలతో మనం ఎంత దూరం పోగలం?" అంది మంత్రగత్తె. ఆమె భయంలో న్యాయముంది. అందరూ పాలడిన్ వైపు చూశారు. అప్పటిదాకా అతని ప్రతిజ్ఞకు మూల్యం చెల్లించింది మిగతా ముగ్గురే. ఇప్పుడు అతని వంతు వచ్చింది.

"గాబ్లిన్ నీ మొహంలోకే చూస్తోంది. ఏం చేస్తావు?" అని అడిగాడు డంజన్ మాస్టర్.

"నేను పిల్లల్ని తీసుకుని బయటికెళ్తాను. ఇక్కడేం జరిగిందో నాకు చెప్పొద్దు" అంటూ పాలడిన్, దొంగ నడుమున ఉన్న బాకు వైపు చూపు విసిరాడు.

"ఖాయమేనా?"

"ఖాయం."

దొంగ బాకు తీశాడు. గాబ్లిన్ చేతులకున్న తాడు కోసేశాడు. "ఇదేంటి?" అంది మంత్రగత్తె. "వదిలేస్తాం అన్నాడు కదా. అందులో నేనూ ఉన్నాను" అన్నాడు.

బయట పాలడిన్ పిల్లాడి కాలి మీద చెయ్యి పెట్టాడు. గాయం గాయంగానే ఉండిపోయింది.

"అదెలా? నా కత్తికి నెత్తుటి చుక్క అంటలేదు. పైగా గాబ్లిన్ బతికే ఉందిగా!"

"బతికే ఉంది. దాన్ని బతికించింది దొంగ. నువ్వు దాన్ని చావుకు వదిలేసి గుమ్మం దాటావు" అన్నాడు డంజన్ మాస్టర్. ఈలోగా దొంగ తన చొక్కా చింపి పిల్లాడికి కట్టు కట్టాడు.

నీతి: ప్రతిజ్ఞ బరువు పట్టినవాడే మొయ్యాలి. తాను చెయ్యకూడని పనిని పక్కవాడికి అప్పజెప్పి మొహం తిప్పుకున్నా ప్రతిజ్ఞ తప్పినట్టే.

ధర్మరాజు కథ తెలిసిన మనకు ఈ తీర్పు కొత్తగా అనిపించదు. ఆయన చెప్పిన అర్ధసత్యంలో 'కుంజరః' (ఏనుగు) అన్న మాట నోట వచ్చింది కానీ ద్రోణుడి చెవికి చేరలేదు. నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచే ఆయన రథం ఆ క్షణమే నేలకు దిగింది.

ఈ ఆటలోకి పాలడిన్ వచ్చింది 1975లో, గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంతో. పేరు చార్లెమేన్ చక్రవర్తి వీరుల గాథల నుంచి వచ్చింది. స్వభావంలో చాలావరకు పోల్ ఆండర్సన్ రాసిన 'త్రీ హార్ట్స్ అండ్ త్రీ లయన్స్' నవల నుంచి వచ్చింది. అప్పట్లో పాలడిన్ కావాలంటే పాత్రకు కరిజ్మా, అంటే ఆకర్షణ శక్తి, కనీసం 17 ఉండాల్సి వచ్చేది. మూడు పాచికలు వేస్తే ఆ అంకె, లేదా 18, పడే అవకాశం 216లో 4 మాత్రమే. అంత అరుదుగా దక్కిన పాత్ర ఒక్క తప్పుతో శాశ్వతంగా పోయేది. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కాస్త మెత్తబడింది: కట్టుబాటు తప్పితే మతగురువు దగ్గర ఒప్పుకుని ప్రాయశ్చిత్తం చేసుకోవచ్చు. తెలిసి, కావాలని చేసిన దుర్మార్గానికి మాత్రం క్షమ లేదు.

ఆ కాఠిన్యాన్ని ఆసరా చేసుకుని పాలడిన్‌ను పడగొట్టడానికే ఉచ్చులు పన్నే డంజన్ మాస్టర్లు ఉన్నారు. ఎటు వెళ్లినా పాపమే అయ్యేలా కథ అల్లడం నా దృష్టిలో అన్యాయం. పై కథలో డంజన్ మాస్టర్ అలా చెయ్యలేదు. గాబ్లిన్‌ను వెంట నడిపించుకెళ్లి ఊరి పొలిమేరలో వదలొచ్చు, లేదా పిల్లల్ని ముందు పంపి పాలడిన్ ఒక్కడే గుహ ముఖాన కాపలా ఉండొచ్చు. దారులున్నాయి, అన్నీ ప్రమాదమైనవే. పైగా "ఖాయమేనా?" అని అడిగి మరో అవకాశమిచ్చాడు.

2014 నాటి అయిదో ఎడిషన్‌లో పాలడిన్ మూడో లెవెల్‌లో తన ప్రతిజ్ఞను తానే ఎంచుకుంటాడు. తప్పితే తోటి పాలడిన్ దగ్గరో, మతగురువు దగ్గరో క్షమ కోరవచ్చు. రాత్రంతా ప్రార్థనలో గడపవచ్చు, ఉపవాసం ఉండవచ్చు. పశ్చాత్తాపం లేనివాడికి ఓత్‌బ్రేకర్, అంటే ప్రతిజ్ఞ తప్పినవాడి, దారి ఎలాగూ ఉంది. ఆ కుర్రాడికి ప్రాయశ్చిత్తం విధించే పని నాకిస్తే, గుడికి వెళ్లేముందు మరుగుజ్జు దగ్గరికి వెళ్లి ఆ బాణానికి క్షమాపణ అడగమంటాను.