భయానకము ఆస్వాద్యమెట్లగును?

హెవీ మెటల్ అను పాశ్చాత్య సంగీతమున నెలనెలకును కొత్త ఆల్బములు వెలువడుచునే యుండును. 2015 జూలై మొదలుకొని పెక్కు దేశములలో శుక్రవారమే విడుదలదినముగ నేర్పడుటచే, ఆ సంగీతమున కలవాటుపడిన శ్రోత వారవారమును ఎదురుచూచి, విని, నెల ముగియునప్పటికి వానిలో తనకు మిక్కిలి నచ్చినదాని నొకదానిని ఎంచి పెట్టుకొనును. ఈ యెంపిక పైకి వట్టి అభిరుచిగ కానవచ్చును గాని, దాని యడుగున అలంకారశాస్త్రమునకును వేదాంతమునకును చెందిన ప్రశ్న యొకటి యున్నది. మృత్యువు, ప్రళయము, యుద్ధము, ఉన్మాదము ఈ సంగీతమునకు ప్రధానవస్తువులు. బ్రదుకులో వీనిని తలచుటకైన నిచ్చగింపని మనుజుడు, వెల యిచ్చి, తీరిక చేసికొని, నెలనెలయు వీనినే యేల కోరి తెచ్చుకొనవలెను? భయము ఆనందమెట్లగును?

ఈ సంగీతము పుట్టినచోటికే పోయి చూతము. 1970 ఫిబ్రవరి 13వ తేదీన, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమునకు చెందిన నలుగురు యువకులు, బ్లాక్ సబ్బత్ అను తమ బృందము పేరనే తొలి ఆల్బమును వెలువరించిరి. మొదట వాన, ఉరుము, దూరమున చర్చిగంట. పిదప గిటారుపై మూడు స్వరములు. మన పరిభాషలో చెప్పవలెనన్న, షడ్జము, దాని పైస్థాయి షడ్జము, అచ్చటినుండి దిగి ప్రతిమధ్యమము. పంచమముపై వ్రాలి విశ్రమింపగోరు చెవి, దానికి ఒక్క మెట్టు క్రిందనే నిలిచిపోయి కలతపడును. అయినచో ఈ ప్రతిమధ్యమము స్వభావముచేతనే భయంకరమా? కానేకాదు. 72 మేళకర్త రాగములలో సరిగా సగము దానిని ధరించియున్నవి. మంగళప్రదమని మనము కొనియాడు కల్యాణికి ప్రాణమదియే. కావున భయము ఆ స్వరమును ఒంటరిగ నిలిపిన తీరునందు, దాని చుట్టును విడిచిన శూన్యమునందు, ఆ మందగమనమునందు ఉన్నది. లోకమున భయహేతువైనది వేరు, కళయందు భయానకమైనది వేరు అను వివేకమునకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శన మక్కరలేదు.

ఆ స్వరములు పలికించిన టోనీ ఐయోమీకి పదునేడేండ్ల ప్రాయమున, రేకుల కర్మాగారములో యంత్రమున చేయి చిక్కుకొని, కుడిచేతి నడిమివ్రేలి కొనయు ఉంగరపువ్రేలి కొనయు తెగిపోయినవి. అతనిది ఎడమచేతివాట మగుటచే, తీగెల నదుమవలసిన చేయి యదియే. అగ్నిప్రమాదమున రెండు వ్రేళ్లు చెడిన పిమ్మటను గిటారు వాయించి ఖ్యాతి గాంచిన జాంగో రైన్‌హార్ట్ రికార్డును కర్మాగారపు మేస్త్రీ వినిపింపగా, అతడు ధైర్యము తెచ్చుకొని, ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొని, వానిపై తోలుముక్కల నంటించి, సన్నని తీగెలు బిగించుకొనెను. 1971లో వెలువడిన మూడవ ఆల్బమున శ్రుతిని గూడ దింపగా, వ్రేళ్లకు శ్రమ తగ్గుటయే కాక నాదమునకు బరువు హెచ్చెను. పిదపటివారెందరో ఆ దించిన శ్రుతినే అనుసరించిరి. ఒక్కని దేహబాధ, వాని పేరైన నెఱుగని లక్షలమందికి నాదరూపమున అనుభవమైనది.

బాధ ఇట్లు ఆస్వాద్య మగుటనుగూర్చి మన లాక్షణికులలో ఏకాభిప్రాయము లేదు. పండ్రెండవ శతాబ్దమున నాట్యదర్పణమును రచించిన రామచంద్ర గుణచంద్రులు, కరుణ రౌద్ర బీభత్స భయానకములు దుఃఖాత్మకములే యనియు, వానియందు కలుగు చమత్కారము కవినటుల నేర్పువలన పిదప పుట్టునదే యనియు తీర్మానించిరి. ఈ మతము తేలికగ త్రోసివేయదగినది కాదు. డ్రమ్ముల వేగమునకును గిటారు విన్యాసమునకును అబ్బురపడుటతోనే తృప్తినొందు శ్రోతలు నేటికిని గలరు. రామచంద్ర గుణచంద్రులకు పూర్వుడైన అభినవగుప్తుడు శాకుంతల ప్రథమాంకమున దుష్యంతుని బాణమునకు బెదరి, మెడ త్రిప్పి వెనుకకు చూచుచు పరుగిడు లేడిని ఉదాహరణముగ గైకొనెను. ఆ భయము నాదను తలంపు గాని, శత్రునిదను తలంపు గాని సహృదయునకు కలుగదు; దేశకాలముల హద్దులు వీడి, భయము భయమాత్రముగ హృదయమున ప్రవేశించును. నాది యనుకొన్నంతవఱకే భయము దుఃఖము. ఆ మమకారము జారిపోగా మిగిలినది రసము. ఇట్లు చెప్పినవాడు భైరవస్తవమును రచించిన శైవు డగుట గమనింపదగినది. ఉగ్రమును చూచి కన్నులు మూసికొనుట ఆయన ఉపాసనయందును లేదు, శాస్త్రమునందును లేదు.

ఈ రెండు మతములకును పరీక్షగ నిలువదగినది మిర్రర్ రీపర్ అను ఆల్బము. సియాటిల్ నగరపు బెల్ విచ్ అను ఇద్దరు సభ్యుల బృందము దానిని 2017 అక్టోబరులో వెలువరించెను. అందు గిటారు లేదు. ఆల్బమంతయు ఒకే కృతి, నిడివి 83 నిమిషములు. అంతకు ముందటి యేడు, వారితో మునుపు డ్రమ్ములు వాయించిన ఏడ్రియన్ గెర్రా మరణించెను. అతడు పూర్వము పాడియుంచగా మిగిలిన గళమును ఈ కృతి నడుమ చేర్చిరి. ఇందు మెప్పింపదగిన వేగము లేదు. ఒక దెబ్బ మ్రోగి యణగినదాక రెండవ దెబ్బకై వేచియుండవలెను. గెర్రాను నే నెఱుగను. అయినను ఆ గళము వినవచ్చునప్పటికి, ఎవరి మరణమను ప్రశ్నయే తొలగి, శోకము మాత్రమే నిండియుండును; ఆ నిండుదనమున బాధ లేదు. అభినవగుప్తుని పక్షమే నాకు సత్యముగ తోచుచున్నది.

ఇది దైవద్రోహపు సంగీతమని నిందించువారు కలరు. కాని బ్లాక్ సబ్బత్ తొలి పాటలోని మనుజుడు నల్లని యాకృతిని చూచి మురియడు. గడగడ వణకుచు దేవుని సాయము వేడును. భయమును పలుకుట భయకారణమును కొలుచుట కాదు. అయితే 1992 మొదలుకొని నార్వేలో ఈ సంగీతపు శాఖయైన బ్లాక్ మెటల్ వర్గమునకు చెందిన కొందరు చర్చిలకు నిప్పుపెట్టిరి. అది రసము కాదు, నేరము. తన పర భేదము మరల తలయెత్తగనే కళ నశించి, లోకభయమే మిగిలెను.

ఇక నెలనెలకును కొత్తది యేల? స్థాయిభావములు పాతవే యైనను, ఎఱిగిన భయము చెవికి మొద్దుబారును గనుక, విభావములు, అనగా ఆ భావములను రేకెత్తించు హేతువులు, కొత్తగ కావలెను. 2024 మార్చిలో, 72 ఏండ్ల రాబ్ హాల్ఫర్డ్ పాడగా జూడాస్ ప్రీస్ట్ వెలువరించిన ఇన్విన్సిబుల్ షీల్డ్‌లో నేను వీరమును వింటిని. అక్టోబరులో, రెండే దీర్ఘకృతులతో బ్లడ్ ఇన్‌కాంటేషన్ వెలువరించిన అబ్సల్యూట్ ఎల్స్‌వేర్‌లో అద్భుతమును. నవంబరులో, తండ్రి వీలునామా చదువబడు నింటి కథను ఓపెత్ బృందము చెప్పిన ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్‌లో కరుణతో కలిసిన భయానకమును. ఇవి నా యెంపికలు. ఇతరుల యెంపికలు వేరు కావచ్చును.

పాఠకుల కొక్క మనవి. వెలువడినదెల్ల వినవలెనను ఆతురత వలదు. విన్నవాని లెక్క రసికతకు కొలమానము కాదు. నెలకొక్క ఆల్బమును ఎంచుకొని, మొదటినుండి తుదివఱకు, మఱియొక పని పెట్టుకొనక వినుడు. విన్న పిమ్మట ద్వేషము హెచ్చినచో దానిని విడువుడు. మృత్యువును తలచినను మనసు తొణకక యుండినచో, ఆ నెలకు అదియే ఉత్తమమైన ఆల్బము.