లక్కమ్మ కొలత

పన్నెండవ శతాబ్దమున కల్యాణమందు ఆయ్దక్కి మారయ్యకు నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుటయే కాయకము. ఒకనాడు ఆయన వాడుకకంటె ఎక్కువ బియ్యము తేగా, భార్య లక్కమ్మ దానిని ఇంట దింపనీయక, మిగులును తెచ్చినచోటనే పోసి రమ్మన్నదని శరణుల చరిత్రలు చెప్పుచున్నవి. పేదరాలు! ఎంత నిబ్బరము!

మొన్నటి ఆషాఢమున, ధర తగ్గించినారని నేను పది కిలోల కందిపప్పు కొని తెచ్చితిని. మా ఇంట ఇద్దరమే. నెలకు రెండు కిలోలు చాలును. "ఇంత ఎందుకండీ?" అని ఇల్లాలు అడిగినది. పంతులను గదా, వినలేదు. శ్రావణము దాటకముందే పురుగు పట్టినది. ఆరబెట్టుటకు ఎండ లేదు. జంగమ దాసోహమునకు పోవలసిన పప్పు పెంటపాలైనది.

కావున అంగడికి పోకముందే నెలకు పట్టు పరిమాణమును వ్రాసికొనుడు. పొట్లముపై తూకమును, తేదిని చూడుడు. దానిపై ముద్రించినది పన్నులతో కలిసిన గరిష్ఠ ధర. అంతకు తగ్గించి అమ్మవచ్చును, మించి అడుగరాదు. పెద్ద పొట్లము చౌక యగునో కాదో కిలోకు లెక్కగట్టిననే తెలియును. పప్పును ఎండబెట్టి, చల్లారిన పిమ్మటనే తడిలేని డబ్బాలో పోసి మూత బిగింపవలెను.

ఈ నెల నా చేతిసంచిని ఇల్లాలు ఎత్తి చూచి, "రెండు కిలోలే!" అని నవ్వినది.