కొఱతపడిన యింట ధర్మము



రాబడి నిండుగా నున్న దినములలో ధర్మము నాచరించుట యంత కష్టము గాదు. పనివారికి నెల మొదటి తేదీననే జీతము చెల్లించుటయు, యాచించినవానికి లేదనకుండ నిచ్చుటయు, ఇంటిల్లిపాదితో మెత్తగా మాటలాడుటయు నప్పుడు సులభముగనే యుండును. నూఱు రూపాయల వ్యయముగల యింటికి డెబ్బది రూపాయలే వచ్చు దినమున గృహస్థుని భక్తికి పరీక్ష యేర్పడును. లోటుపడిన ముప్పది రూపాయలను అతడెవరి పాలినుండి తీయునో వారిని అతడు తక్కువగా నెంచుచున్నాడని యర్థము. దేనిని ముట్టక విడుచునో దానినే యతడు నిజముగా పూజించుచున్నాడని యర్థము. దైవము నెదుట మనము చేయు ప్రార్థనలో నిజమెంత యున్నదో మన జమాఖర్చు పుస్తకము చెప్పును. కావున నింటి వ్యయమును తగ్గించుకొను విషయమును మనము ధర్మవిచారముగనే చేయుదము.

మొదట నొక మాట. రాబడి తగ్గుట పాపము గాదు. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున దేశమంతటను లాక్‌డౌను విధింపబడి, బడులు మూతపడినపుడు, ప్రైవేటు పాఠశాలల యుపాధ్యాయు లనేకులు తమ తప్పేమియు లేకయే జీతములు కోల్పోయిరి. 2021లో తెలంగాణ ప్రభుత్వము వారికి నెలకు 2000 రూపాయలును, 25 కిలోల బియ్యమును ఇచ్చి యాదుకొనవలసి వచ్చెను. పంట పోవుట, ఉద్యోగము పోవుట, ఇంటిపెద్ద మంచము పట్టుట, ఇవి యెవరికైనను రాదగినవి. వీనికి సిగ్గుపడ నక్కఱలేదు. ఆ కొఱతను లోకమునకు తెలియనీయకుండుటకై యింటిలోని బలహీనుల కడుపు మాడ్చుటకు మాత్రము సిగ్గుపడవలయును.

మన యిండ్లలో సాధారణముగా జరుగు కోత యెట్టిదో చూడుడు. దానిని ఎవరును కూర్చుండి తీర్మానింపరు. అది తనంతట జరిగిపోవును. మొదట ఇల్లాలి పాలు తగ్గును. ఆమె యందఱకును వడ్డించి కడపట తినునది గావున, ఆమె కంచములో కూర లేని సంగతి యెవరి కంటను పడదు. పిమ్మట ముసలితల్లి వేసికొను మాత్రలు దినము విడిచి దినమునకు దిగును. పిమ్మట ఆడుబిడ్డ చదువు ఈ యేటికి చాలునను మాట పుట్టును. పనిమనిషి జీతము వచ్చు నెలకు వాయిదా పడును. పాలవాని బాకీ పెరుగును. ఆ యేడే జరుగు ఓణీల వేడుకకు ఫంక్షను హాలును, నాలుగువందల విస్తళ్ల విందును, వీడియో చిత్రణమును మాత్రము తగ్గవు! 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి, 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మందియు, తెలంగాణమున 57.6 మందియు నుండిరి. రక్తహీనతకు కారణములు పెక్కు గలవు. ఆహారమున నినుము చాలకపోవుట వానిలో ముఖ్యమైనది. సగమునకు మించిన స్త్రీలు రక్తము చాలక యున్న దేశమున, కొఱత వచ్చినప్పుడెల్ల మొదట ఇల్లాలి కంచమునే కోయుట పొదుపనిపించుకొనునా?

ఏది విడువదగినది, ఏది విడువరానిది యను ప్రశ్నకు మన న్యాయశాస్త్రమున నొక సమాధానము గలదు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులోని 60వ సెక్షను, కోర్టు డిక్రీ పొందిన ఋణదాత సైతము జప్తు చేయరానివానిని పేర్కొనుచున్నది. ఋణస్థునకును, అతని భార్యాబిడ్డలకును అవసరమైన కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచములు, పడకలు, మతాచారమును బట్టి స్త్రీ విడువరాని యాభరణములు, చేతిపనివాని పనిముట్లు, సేద్యగాని జీవనమునకు కావలసిన సాధనములు, పశువులు, విత్తనములు, కూలివాండ్రయు, ఇంటిసేవకులయు వేతనములు, వీనిని ముట్టరాదని చట్టము శాసించినది. బాకీ నిజమే, డిక్రీయు నిజమే. అయినను చట్టమొక గీటు గీచి, దీనిని దాటకుమని ఋణదాతతో చెప్పినది. పరాయివాడగు ఋణదాతయే ఇల్లాలి వంటపాత్రను ముట్టరానపుడు, భర్త యా పాత్రలోని యన్నమును తగ్గింపవచ్చునా? కోర్టు అమీను ముట్టరాని సేవకురాలి వేతనమును, యజమానుడు తన యిక్కట్టు నెపమున నిలుపుకొనవచ్చునా?

చట్టము గీచిన గీటు మనకు కనీసము మాత్రమే. దానిని మించి నడచిన మహనీయుడొకడు మనకు దృష్టాంతముగా నున్నాడు. ద్వారకానాథ టాగూరు 1846లో లండను నగరమున మరణించెను. ఆయన వ్యాపారసంస్థయగు కారు–టాగూరు కంపెనీ 1848 నాటికి కూలిపోయెను. ఋణములు కోటి రూపాయలకు చేరియుండెను. తండ్రి 1840లోనే వ్రాసిన ట్రస్టు దస్తావేజు వలన కొన్ని భూములు ఋణదాతల చేతికి చిక్కనివై యుండెను. కుమారుడగు దేవేంద్రనాథుడు ఆ దస్తావేజు చాటున దాగికొనక, ఆ యాస్తిని సైతము ఋణదాతల యెదుట నుంచెను. పిమ్మట నింటి వ్యయమును కోసెను. ఆ కోత యెక్కడ మొదలైనదో గమనింపుడు. గుఱ్ఱములును, బండ్లును వేలమునకు పోయెను. పరిచారకుల సంఖ్య తగ్గెను. తన భోజనమును, తన వస్త్రములును మితమయ్యెను. అయినను, అంధుల సహాయార్థమై తండ్రి యొక ధర్మసంఘమునకు వాగ్దానము చేసి చెల్లింపక పోయిన లక్ష రూపాయలను కుమారుడు వడ్డీతో కూడ చెల్లించెను. బండి పోవచ్చును; అంధుల సొమ్ము పోరాదు. కొఱతపడిన యింటి ధర్మమంతయు నీ యొక్క మాటలో నిమిడియున్నది.

మన స్థితి యంత పెద్దది గాకపోవచ్చును. క్రమము మాత్ర మదియే. దాని నాచరించు మార్గమును చెప్పెదను.

మొదటిది సత్యము. రాబడి తగ్గిన వెంటనే యజమానుడు భార్యను, ఎదిగిన బిడ్డలను, తల్లిదండ్రులను కూర్చుండబెట్టి, వచ్చునదెంత, పోవునదెంత, బాకీయెంత యని యున్నదున్నట్లు చెప్పవలయును. పురుషుడు దాచిన కొఱతను స్త్రీ యెట్లును కనిపెట్టును. దానిని తానును దాచుచు లోలోన క్రుంగును. చెప్పిన కొఱతను నలుగురును పంచుకొందురు.

రెండవది క్రమము. ఒక కాగితముపై మూడు వరుసలు గీయుడు. అన్నము, మందు, చదువు, పనివారి జీతము, చిన్నవర్తకుల బాకీ మొదటి వరుసలో వ్రాయుడు. వీనిని కడవరకు ముట్టకుడు. విద్యుత్తు, ప్రయాణము, బట్టలు, హోటలు భోజనము రెండవ వరుసలో వ్రాసి తగ్గింపుడు. పదుగురు చూచుటకై చేయునవన్నియు మూడవ వరుసలో వ్రాసి, కోత నక్కడనే ప్రారంభింపుడు. 60 వాట్ల పాత బల్బు రాత్రి కైదు గంటల చొప్పున వెలిగిన, నెలకు 9 యూనిట్లు ఖర్చగును. 9 వాట్ల ఎల్‌ఇడి బల్బునకు ఒకటిన్నర యూనిటైనను కాదు. ఇట్టి పొదుపు మంచిదే. కాని బల్బులు మార్చి, వేడుకలు మార్చనివాడు చిల్లి పూడ్చక కుండలో నీరు పోయువాని వంటివాడు. పనిమనిషిని మాన్పింపక తీరదేని, ఒక నెల ముందుగా చెప్పి, బాకీ లేకుండ జీతమిచ్చి పంపుడు.

మూడవది, అప్పు చేసి యాడంబరమును నిలుపకుండుట. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షకు ఏటికి 36,000 వడ్డీ యగును. మూడేండ్లలో 1,08,000 చెల్లించినను లక్ష యట్లే నిలిచియుండును. క్రెడిట్ కార్డు బాకీని నెలనెల నిలువబెట్టుకొనువారును, క్షణములో సొమ్మిచ్చు ఫోను యాపులను నమ్మినవారును ఈ లెక్కను ముందుగా వేసి చూచుకొనవలయును. వైద్యమునకై చేసిన యప్పు విధి వలన వచ్చినది. విందునకై చేసిన యప్పు మనము పిలిచి తెచ్చుకొన్నది. వరకట్నమునకై చేయు నప్పు సంగతి చెప్పనేల? 1961 నాటి వరకట్న నిషేధ చట్టము ప్రకారము ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు రెండును నేరములే.

“పరువు పోదా?” యని యొకరడుగవచ్చును. పరువనగా నేమి? విందు తినిపోయినవారు మరునాటికి వంటకముల పేరులు మఱతురు. బాకీపడిన పాలవాడు మన పేరును మఱువడు. వీథిలో పదుగురు మనలను ధనవంతులనుకొనుట పరువా? మన గుమ్మము దిగిపోవు పనిమనిషి తన కూలి తనకు పూర్తిగా ముట్టినదని చెప్పుకొనుట పరువా? పెద్దలు, చదువుకొన్నవారు మొదట వేడుకలను తగ్గించినచో, లేనివారికి తగ్గించుకొను ధైర్యము కలుగును. లేనివాడు అప్పుచేసి పెట్టు విందునకు, ఉన్నవాడు గొప్పకై పెట్టిన విందు కొంత కారణము కాదా? కావున కొఱత లేని యిండ్లవారికిని ఈ ధర్మమున పాలున్నది.

సోదరులారా! నేటి రాత్రి ఇంటికి పోయిన పిమ్మట, ఇల్లాలు కడపట కూర్చుండువరకు వేచియుండి, ఆమె కంచములో నేమున్నదో చూడుడు. తరువాత కాగితము తీయుడు.

ఓ పరమపితా! నీ విచ్చినది కొంచెమైనను, దానిని న్యాయముగా పంచుకొను బుద్ధిని మాకు ప్రసాదింపుము. మా కొఱతను మా యింటి బలహీనులపై వేయకుండ మమ్ము కాపాడుము. కలిమిలో నిన్ను మఱువకుండునట్లును, లేమిలో నొరులను మఱువకుండునట్లును మమ్ము నడిపింపుము. తథాస్తు.