తీర్పు: ముగింపు, హేతువు

‘తీర్పు’ అన్న మాట ‘తీరు’ ధాతువు నుంచి ఏర్పడింది. అప్పు తీరుతుంది, దాహం తీరుతుంది, తగాదా తీరుతుంది. ఈ ప్రయోగాలన్నిటిలోనూ ప్రధానమైన అర్థం సమాప్తి. వివాదం ముగిసిందని ఈ పదం చెబుతుంది గాని, ఏ ఆధారం మీద ముగిసిందో చెప్పదు. ముగ్గు తీర్చడం, తీర్చిదిద్దడం వంటి చోట్ల క్రమపరచడమనే మరో ఛాయ లేకపోలేదు. అయితే నేటి వాడుకలో ‘తీర్పు’ వినగానే స్ఫురించేది అది కాదు.

చట్టంలోని నిర్వచనం ఇందుకు భిన్నమైన దిశలో సాగుతుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ రెండవ సెక్షను ప్రకారం, డిక్రీకి గాని ఉత్తర్వుకు గాని ఆధారమైన కారణాలను న్యాయమూర్తి ప్రకటించడమే జడ్జిమెంటు. కక్షిదారుల హక్కులను తేల్చే లాంఛనప్రాయమైన ఫలితానికి అదే సెక్షను ‘డిక్రీ’ అని వేరే పేరు పెట్టింది. మనం ఈ రెంటినీ కలిపి ‘తీర్పు’ అంటున్నాం. “తీర్పు ఎవరికి అనుకూలంగా వచ్చింది?” అని అడిగేవాడు నిజానికి డిక్రీని గురించి అడుగుతున్నాడు. జడ్జిమెంటును గురించి అడగాలంటే “ఎందుకు అలా వచ్చింది?” అనాలి. ఆ ప్రశ్న ఓడినవారి నోట తప్ప అరుదుగా వినిపిస్తుంది.

మన శాస్త్ర సంప్రదాయం హేతువును ఇంతకన్నా ముందే పట్టించుకుంది. గౌతముని న్యాయసూత్రాలు చెప్పిన పదహారు పదార్థాలలో నిర్ణయం తొమ్మిదవది, సంశయం మూడవది. పక్ష ప్రతిపక్షాలను విమర్శించి అర్థాన్ని నిశ్చయించుకోవడమే అక్కడ నిర్ణయం. అనుమానించవలసిన చోట సంశయమే కలగనివాడు చేసింది నిర్ణయమనిపించుకోదు. ‘న్యాయం’ అన్న ఒకే మాట తర్కశాస్త్రానికీ ధర్మానికీ పేరు కావడం కాకతాళీయమని నేననుకోను. అచ్చతెలుగులో ‘తగవు’ చరిత్ర మరింత ఆసక్తికరం. ‘తగు’ నుంచి పుట్టిన ఈ మాటకు ప్రాచీన కావ్యభాషలో యుక్తం, న్యాయం అని అర్థం. ఇప్పుడది కలహం. తగినదేదో తేల్చవలసిన సందర్భానికే ఆ పేరు స్థిరపడి, తగినదన్న అర్థం మరుగున పడింది.

న్యాయస్థానపు తీర్పులో రెండు లక్షణాలున్నాయి. మొదటిది, అది కారణం చెప్పి తీరాలి. రెండవది, అది అంతిమం. సంతకమైన తీర్పును ఇచ్చిన కోర్టే మార్చరాదని, లేఖన దోషాలూ లెక్కల పొరపాట్లూ మాత్రమే దిద్దవచ్చని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 362వ సెక్షను చెప్పింది. అప్పీలు ఉంటే అది పైకోర్టు పని. వివాదాలు తరతరాలు సాగకుండా ఉండాలంటే కోర్టుకు ఈ అంతిమత్వం అవసరం. నిత్యజీవితానికి ఆ అవసరం లేదు. నిన్న ఒకరిని గురించి అనుకున్నది నేడు మార్చుకుంటే ఏ వ్యవస్థా కూలిపోదు. అయినా లోకవ్యవహారం కోర్టు నుంచి గ్రహించింది అంతిమత్వాన్నే. కారణం చెప్పవలసిన బాధ్యతను అక్కడే వదిలివేసింది. “వాడంతే” అన్న వాక్యం జడ్జిమెంటు లేని డిక్రీ.

కన్యాశుల్కంలోని సౌజన్యారావు పంతులు ఇక్కడ పరిశీలించదగిన పాత్ర. వృత్తి రీత్యా ఆయన వకీలు. పెళ్లికూతుర్ని చంపాడన్న అభియోగంలో చిక్కుకున్న లుబ్ధావధానులు లోకం దృష్టిలో ఏ సానుభూతికీ నోచుకోని మనిషి. అయినా ఆయన ఆ వృద్ధుని పక్షాన నిలబడి నిజం కోసం వెదుకుతాడు. సంశయానికి చోటిచ్చే న్యాయబుద్ధి అది. అదే మనిషి వేశ్యాజాతి విషయంలో సంశయించడు. విచారణ లేకుండానే అక్కడ నిర్ణయం జరిగిపోయింది. చచ్చిందన్న పెళ్లికూతురు అసలు ఆడపిల్లే కాదన్న సాక్ష్యం ఆ నిషేధాన్ని దాటుకొని, పురుషవేషంలో, మధురవాణి నోట రావలసివచ్చింది. ఆమె స్వరూపంతో వచ్చి ఉంటే ఆ సాక్ష్యం ఆయన చెవికి సోకేదా అన్నది నాటకం మన ముందుంచిన ప్రశ్న. ఈ ఘట్టాన్ని సంస్కర్త ఆత్మవంచనపై వ్యంగ్యంగా మాత్రమే చదివితే సౌజన్యారావుకు అన్యాయం చేసినట్లే. ఆయన కపటి కాడు. కోర్టులో పాటించే నియమం ఇంట్లో కూడా వర్తిస్తుందని ఆయనకు తోచలేదు, అంతే.

ప్రతి అభిప్రాయానికీ కారణాలు రాసిపెట్టుకోవడం సాధ్యమా అన్న ఆక్షేపణ సమంజసమే. మనిషిని చూడగానే కలిగే అంచనాకు అనుభవమే మూలం. దాన్ని విప్పి చెప్పడం అన్నివేళలా కుదరదు. విచక్షణ అంటే కొంతవరకు అదే. అయితే ఆ అంచనా వల్ల మరొకరికి ఉద్యోగమో, సంబంధమో, పరువో పోతున్నప్పుడు అది స్వంత అభిప్రాయంగా మిగలదు. అప్పుడు వారు కారణం అడగగలగాలి, బదులు చెప్పగలగాలి. నేరం రుజువైన తరువాత కూడా శిక్ష విషయంలో ముద్దాయి చెప్పేది వినాలని 1973 కోడ్ 235వ సెక్షను విధించింది. చేసిన పనిని గురించిన నిర్ణయం, చేసిన మనిషిని గురించిన నిర్ణయం ఒకటి కావన్న గుర్తింపు ఆ నియమంలో ఉంది. నిత్యవ్యవహారంలో మొదటిది అవగానే రెండవదీ అయిపోతుంది.

కారణం చెప్పడమంటే వినేవారికి అర్థమయ్యేలా చెప్పడం కూడా. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు వెలువరించింది. దాన్ని భాషాభిమానపు వార్తగా సంబరపడి వదిలేశాం. ఇంగ్లీషు రాని కక్షిదారు తన ఓటమికి కారణాన్ని వకీలు నోట వినవలసిన చోట, స్వయంగా చదువుకోగలిగితే, అతనికి డిక్రీతో పాటు జడ్జిమెంటు కూడా అందినట్లవుతుంది.