ముందు నూనె చూడండి

మనుషుల్ని తప్పుపట్టేటప్పుడు మనం తిన్నగా గుండె దాకా వెళ్ళిపోతాం. "ఆవిడ మనసు మంచిది కాదు", "ఆయనకి ప్రేమే లేదు", "ఈ పిల్లకి ఒళ్ళంతా బద్ధకం" - ఇవన్నీ అన్నీ విచారించాక చెప్పవలసిన ఆఖరి తీర్పులు. మనం మొదటి మాటగానే అనేస్తాం. ఇది న్యాయమేనా అని ఆలోచిస్తుంటే నాకు ఒక పాత ట్రాక్టరు గుర్తొచ్చింది.

నవ్వకండి. పొలం దున్నే ట్రాక్టరు కాదు. అమెరికాలో ఇంటి చుట్టూ పెద్ద జాగా ఉన్నవాళ్ళు గడ్డి కోయడానికి, కూర్చుని నడిపే చిన్న ట్రాక్టరు వాడతారు. ఒహాయోలో మా చెల్లెలి ఇంట్లో అలాంటిదొకటి ఉంది. వయసు మళ్ళిన బండి. దానికి ఉన్నది హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్. పేరుకి జడుసుకోనక్కర్లేదు. ఇంజను పంపుని తిప్పుతుంది, పంపు నూనెని తోస్తుంది, ఆ తోపుకి మోటారు తిరిగి చక్రాలు కదులుతాయి. పంపులో ఒక పళ్ళెం ఉంటుంది. అది ఎంత ఒరిగితే అంత వేగం. అటు ఒరిగితే ముందుకి, ఇటు ఒరిగితే వెనక్కి. గేర్లు మార్చే బాధ లేదు. 1960లలోనే తోట ట్రాక్టర్లకి ఈ పద్ధతి వచ్చింది.

ఒకనాడు ఇంజను మోగుతోంది గాని బండి కదల్లేదు. "పంపు పోయింది" అని తేల్చేశాడు మా మరిది. కొత్తది వేయిస్తే బండి ఖరీదుని మించిపోతుంది. పక్కింటి ముసలాయన, వెనకటికి మెకానిక్కట, వచ్చి పానా కూడా పట్టుకోకుండా ఒకటే అడిగాడు: "ఈమధ్య దీన్ని చేత్తో తోశారా?"

తోశారు, షెడ్డులోకి. ఇంజను ఆగినప్పుడు తోసుకోవడానికి ఒక మీట ఉంటుంది. దాన్ని లాగితే నూనె మోటారు జోలికి పోకుండా పక్కదారిన తిరుగుతుంది. మళ్ళీ యథాస్థానంలో పెట్టకపోతే బండి ఎలా కదులుతుంది? పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే!

ఆయన అంతటితో ఊరుకోలేదు. బెల్టు వదులైందా, నూనె తగ్గిందా, నూనెలో గాలి చేరిందా, చల్లబరిచే ఫ్యాను రెక్కల్లో గడ్డి ఇరుక్కుందా - అన్నీ వరసగా చూశాడు. పంపు మాట ఆఖరికి. ఎందుకంటే ఖర్చొక్కటే కాదు. పంపు లోపలి భాగాలు అతి సన్నని సందులతో ఒకదాన్నొకటి ఒరుసుకుని తిరుగుతాయి. అనుమానంతో విప్పితే కాస్త దుమ్ము చొరబడినా చాలు, బాగున్న పంపు గీసుకుపోతుంది. లేని జబ్బుని మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది.

నా మనసుకి పట్టింది ఈ మాటే. "నీ మనసే చెడ్డది" అని ఒకసారి అన్నామంటే, ఆ దుమ్ము లోపలికి పోయినట్టే. తర్వాత మాట వెనక్కి తీసుకున్నా అది గీస్తూనే ఉంటుంది.

మామగారు పిలిస్తే పలకరు. గర్వమా? ముందు చెవి చూపించండి. కోడలు మధ్యాహ్నానికే డీలాపడిపోతోంది. బద్ధకమా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఒంట్లో రక్తం ఉందో లేదో చూడకుండా గుణం సంగతి ఎత్తడం, నూనె చూడకుండా పంపు విప్పడం కాదూ?

అలాగని తప్పు ఎప్పుడూ పైపైనే ఉంటుందని కాదు. ఆ ట్రాక్టరుకి అన్నీ సరిచేశాక కూడా, ఎండలో అరగంట నడిస్తే నీరసం వచ్చేది. బాణలిలో నూనె కాగేకొద్దీ పల్చబడడం మనకి తెలిసిందే. అలా పల్చబడ్డ నూనె పంపులో అరిగిన సందుల్లోంచి జారిపోతోంది. అంటే అరుగుదల నిజమే. కాని ఆ నిజం అన్నీ చూశాక తెలిసింది గనుక ఎవరికీ కోపం రాలేదు. ఇప్పుడు ఎండ తగ్గాక సగం, మర్నాడు సగం కోస్తున్నారు. బండి తన శక్తికొద్దీ పనిచేస్తోంది.

మనుషుల్లోనూ అరుగుదల ఉంటుంది. దాన్ని లేదనుకోవడం దయ కాదు, మొదటే అనేయడం న్యాయం కాదు. వరస తప్పకుండా చూసి, ఆఖర్ని తెలిసినదానికి తగ్గట్టు మసలుకోవడంలో రెండూ ఉన్నాయనిపిస్తుంది నాకు. మీరేమంటారు?