సంక్రాంతి పిమ్మట కాయక సంకల్పము

ఓం శ్రీ గురుబసవలింగాయ నమః

పుష్యమాసపు చలిలో సంక్రాంతి వచ్చును, వెళ్ళును. భోగి మంటలు చల్లారును. ముంగిటి ముగ్గులు మాసిపోవును. గొబ్బెమ్మలు పిడకలై గోడకెక్కును. హైదరాబాదు నుండియు, సోలాపురము నుండియు, ముంబయి నుండియు వచ్చిన బిడ్డలు అరిసెల డబ్బాలు చంకబెట్టుకొని బస్సులెక్కుదురు. బడిగంట మరల మ్రోగును. అంగడి తలుపులు తెరచుకొనును. రైతు శనగ చేనికి, జొన్న చేనికి తిరిగి పోవును. ఈ తిరుగు ప్రయాణపు దినమున అనేకుల మనస్సు బరువెక్కును. పండుగ దినములే బ్రతుకనియు, పని దినములు బంధనమనియు తోచును. మూడు దినములు పెద్దల సన్నిధిని కూర్చుండి విభూతి ధరించి లింగార్చన చేసిన యువకుడు, నగరమునకు మరలిన నాల్గవ దినముననే పూజకు తీరిక లేదనును. దేవుడు ఊరిలోని ఇంటివద్దనే మిగిలిపోయినట్లును, తాను మాత్రమే ఉద్యోగమునకు వచ్చినట్లును అతని నడవడి యుండును.

ఈ భావము లోకమున సామాన్యమే. కాని లింగధారికి ఇది తగునా యని విచారింపవలెను.

సూర్యుని మరలుట

సంక్రాంతిని ఉత్తరాయణ పుణ్యకాలమని పెద్దలు చెప్పుదురు. నిజమునకు సూర్యుడు దక్షిణపు కొసనుండి ఉత్తరమునకు మరలుట డిసెంబరు 21 లేక 22వ తేదీననే జరుగుచున్నది. మకర రాశి ప్రవేశము పంచాంగ గణనము ననుసరించి జనవరి 14 లేక 15వ తేదీన వచ్చును. అయన చలనము వలన సుమారు 72 సంవత్సరములకు ఒక్క డిగ్రీ చొప్పున ఈ రెంటికి నడుమ దూరము పెరుగుచు వచ్చినది. కనుక ఇండ్లలో పండుగ జరుగునాటికి సూర్యుడు మూడు వారములకు పైగా ఉత్తరపు దారిన నడచుచునే యున్నాడు. ఆయన మరలుట డప్పుల చప్పుడుతో జరుగలేదు. చూచువారెవరును లేకయే జరిగినది.

మరియొక విశేషము కలదు. తెలుగునాట ఈ దినములలో పగటి వేళ దినమునకొక నిమిషమైనను పూర్తిగా పెరుగదు. నేటికిని నిన్నటికిని భేదమేమని అడిగినవానికి కంటికి కనబడునట్లు చూపుట సాధ్యము కాదు. అయినను మాఘము గడచి, ఫాల్గుణము గడచి, చైత్రము వచ్చుసరికి ప్రొద్దు ఎంత పెరిగినదో పసిపిల్లవానికిని తెలియును. మనుష్యుని మరలుటయు ఇట్టిదే. పండుగ మరునాడు చేయు ఘోషణ కంటె, ఎవ్వరికిని కనబడక దినదినమును సాగు అడుగే గొప్పది.

శ్రీశైలము నుండి సొన్నలిగెకు

సంక్రాంతికిని శివశరణుల చరిత్రకును విడదీయరాని సంబంధము కలదు. సోలాపురమున శ్రీ సిద్ధరామేశ్వరుని జాతర సంక్రాంతి సమయముననే జరుగును. ఏడు నందిధ్వజములు ఊరేగును. సిద్ధరాముని యోగదండముతో కన్యక వివాహము జరిగిన గాథను తలచుకొని అక్షతలు చల్లుదురు. ఆ నగరమున తరతరములుగా మగ్గములు నేయు తెలుగు కుటుంబములు అనేకము కలవు. ఇచ్చట శ్రీశైలమున అదే కాలమున పంచాహ్నిక దీక్షతో సంక్రాంతి బ్రహ్మోత్సవములు జరుగును. ఈ రెండు క్షేత్రములను కలుపు సూత్రము ఒక బాలుని కథ. కన్నడ మహాకవి రాఘవాంకుడు దీనిని కావ్యముగా రచించెను.

సోలాపురమునకు అప్పటి పేరు సొన్నలిగె. సిద్ధరాముడు బాలుడై పశువులను మేపుచుండగా మల్లయ్య యను జంగముడు వచ్చెను. బాలుడు చేనిలోని కంకులు కాల్చి పెట్టెను. జంగముడు పెరుగన్నము అడిగెను. బాలుడు ఇంటికి పరుగెత్తి తెచ్చుసరికి ఆయన కానరాలేదు. మల్లయ్యా, మల్లయ్యా యని ఏడ్చుచున్న ఆ బిడ్డను శ్రీశైలమునకు పోవు యాత్రికులు వెంట తీసికొనిపోయిరి. గర్భగుడిలోని లింగమును చూపి వీడే నీ మల్లయ్య యనిరి. బాలుని మనస్సు ఒప్పుకొనలేదు. తనతో మాటలాడిన మల్లయ్యయే కావలెనని కొండలలో వెదకి వెదకి, తుదకు లోయలోనికి దూకబోయెను. అప్పుడు మల్లికార్జునుడు ప్రత్యక్షమై చేయిపట్టి ఆపెను.

ఇంతవరకు భక్తులందరును ఎరిగినదే. తరువాతి భాగమే ఈ దినములకు ముఖ్యము. కోరిన దేవుడు కనబడిన పిమ్మట ఆ బాలునికి శ్రీశైలమును విడుచుటకు మనస్సెట్లు వచ్చును? కాని స్వామి అతనిని అచ్చట ఉండుమనలేదు. సొన్నలిగెకు తిరిగి పొమ్మనెను. ఆ ఊరినే శ్రీశైలము చేయుమని ఆజ్ఞాపించెను. సిద్ధరాముడు మరలి వచ్చెను. చెరువు త్రవ్వించెను, గుడులు కట్టించెను, ఊరి చుట్టును 68 లింగములను ప్రతిష్ఠించెను. నేటికిని సోలాపురము నడుమ ఆ చెరువు, ఆ నీటిలో గుడి నిలిచియున్నవి.

దర్శనము యొక్క ఫలము మరలి వచ్చుటలో నున్నదని ఈ కథ తెలుపుచున్నది. పండుగ శ్రీశైలము వంటిది, పనిచోటు సొన్నలిగె వంటిది. కొండమీద దొరికిన దానిని ఊరిలోనికి తెచ్చినవాడే యాత్రికుడు. తేలేనివాడు ప్రయాణము చేసెను గాని యాత్ర చేయలేదు.

చెరువు త్రవ్వువానికి ఒక ప్రశ్న

అయితే కథ అచ్చట ముగియలేదు. అల్లమ ప్రభువు సొన్నలిగెకు వచ్చెను. వేలమందిచేత పనిచేయించుచు కీర్తి పొందియున్న సిద్ధరాముని చూచి కఠినముగా మాటలాడెను. నేలను ఇంతగా త్రవ్వినవాడు తన లోపలి నేలను త్రవ్వెనా యన్నది ఆ మాటల సారము. సిద్ధరాముడు మొదట కోపించినను పిదప గ్రహించెను. ప్రభువు వెంట కల్యాణమునకు పోయి, చెన్నబసవణ్ణ వలన ఇష్టలింగ దీక్షను పొందెను. అల్లమ ప్రభువు, చెన్నబసవణ్ణల తరువాత శూన్యపీఠము నధిష్ఠించినవాడు ఈ చెరువులు త్రవ్విన సిద్ధరాముడే.

కనుక దిద్దుబాటులు రెండు. పనిని విడిచి దేవుని కడనే యుండగోరినవానిని మల్లయ్య పనికి పంపెను. పనిలో పడి తన్ను మరచినవానిని ప్రభువు లోపలికి పంపెను. కాయకమునకు ఈ రెండు రెక్కలు కావలెను. నేటి కాలమున ఏడాది ఆరంభము కాగానే ఇంత సంపాదింపవలెను, ఇంత పెద్ద పదవి పొందవలెనని లక్ష్యములు వ్రాసికొనువారు అనేకులు. అది తప్పు కాదు. కాని ఆ చెరువు నిండునాటికి త్రవ్వినవాడు ఎండిపోయిన ఫలమేమి?

లక్కమ్మ చూపిన కొలత

లక్ష్యమునకు కొలత ఎట్లుండవలెనో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్రము బోధించును. వీరు రాయచూరు సీమ నుండి కల్యాణమునకు వచ్చినవారు. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే జంగమ దాసోహము చేసి, మిగిలినది ప్రసాదముగా భుజించువారు. ఒక దినము మారయ్య శరణులతో శివానుభవ గోష్ఠిలో కూర్చుండి వేళ మరచెను. ఏరుటకు పోవు సమయము దాటుచున్నదని లక్కమ్మయే అతనిని హెచ్చరించి లేపెను. శివుని గూర్చిన మాట సైతము చేయవలసిన పనికి అడ్డుకాగూడదని ఆ తల్లి నమ్మిక. ఇక ఊరక ముచ్చట్లకై పనివేళను పోగొట్టుకొనువారి సంగతి చెప్పవలసినదేమి?

మరియొక దినము మారయ్య రోజుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇంతటి ఆశ ఎందులకని అడిగి, అధికమైన దానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. బియ్యము దొంగిలించినది కాదు, నేలపాలైనదే. అయినను అవసరమునకు మించినది తమది కాదని ఆమె నిశ్చయము.

లోకము లక్ష్యమనగా ఇంతకు తగ్గరాదు అనును. లక్కమ్మ ఇంతకు మించరాదు అనెను. ఈ రెండవ గీత గీయనివాని సంకల్పము ఎన్నటికిని నెరవేరదు. ఏలయన అతడు గమ్యమును చేరిన ప్రతిసారియు గమ్యము జరిగిపోవుచుండును. వ్యాపారి తన కుటుంబమునకు ఇంత చాలునని, ఉద్యోగి ఇన్ని గంటల పిమ్మట ఇంటివాడనని గీత గీసికొనినపుడే దాసోహమునకు చోటు, లింగపూజకు వేళ దొరకును.

గృహస్థుడు చేయదగిన సంకల్పములు

సంకల్పము వేరు, ఆశ వేరు. సంకల్పము చేయువాని చేతిలో నుండును. ఆశ పరుల చేతిలోను, కాలము చేతిలోను ఉండును. మార్చి నెల పరీక్షలలో మొదటి స్థానము రావలెననుట ఆశ. తెల్లవారుజామున లేచి విభూతి ధరించి రెండు గంటలు చదువుదుననుట సంకల్పము. ఈ ఏడు లాభము రెట్టింపు కావలెననుట ఆశ. తూకమున మోసము చేయను, ప్రొద్దు గ్రుంకులోపల లెక్క వ్రాయుదును అనుట సంకల్పము. తలిదండ్రులు బిడ్డలకు ఆశలు కాక సంకల్పములు నేర్పిన యెడల, ఫలము తక్కువైన నాడును ఆ బిడ్డ కుంగిపోడు.

షట్‌స్థలముల క్రమము ఇచ్చట మార్గదర్శకము. భక్తస్థలము, మహేశస్థలము, ప్రసాదిస్థలము, ప్రాణలింగిస్థలము, శరణస్థలము, ఐక్యస్థలము అని పెద్దలు ఆరు మెట్లు చెప్పిరి. మొదటి మెట్టెక్కని వానిని ఆరవ మెట్టుకు దూకుమనలేదు. సంకల్పమును కూడ ఒక్క మెట్టుతో మొదలిడవలెను. దినమునకు రెండు మారులు తప్పక లింగార్చన చేయుట కష్టమైనవాడు ఒక్క మారైనను తప్పక చేయుదునని నిలువవలెను. ఒక దినము తప్పినచో వ్రతమే చెడెనని విడువక, మరునాడే మరల ఆరంభింపవలెను. సూర్యుడు ఒక దినము మబ్బు పట్టినంత మాత్రమున దారి మరచునా?

పండుగకు చేసిన అప్పు తీర్చుటయు సంకల్పమే. సదాచారమునకు కష్టార్జితము మూలము. అప్పు సొమ్ముతో చేసిన దాసోహము కంటె అప్పు తీర్చిన చేతితో పెట్టిన పిడికెడన్నము మేలు. ఏడాది పొడవునను దాసోహమునకు ఇంత భాగమని సంపాదన రాకముందే విడిచిపెట్టుట ఉత్తమము. మిగిలినపుడు పెట్టుదుననువానికి ఎన్నడును మిగులదు.

పండుగలో సెలవు దొరకని వ్యక్తి ఇంటింటను ఉన్నది. ఆమె ఇల్లాలు. అందరును విశ్రాంతి తీసికొనిన ఆ మూడు దినములును ఆమెకు రెండింతల పని. శరణుల కల్యాణమున స్త్రీ పురుషులకు సమాన స్థానము కలదు. లక్కమ్మయే మారయ్యకు మార్గము చూపినది. కనుక పనికి మరలుచున్న పురుషుడు తన ఇంటి స్త్రీకి కొంత విశ్రాంతి నిచ్చుటను మొదటి సంకల్పముగా చేసికొనదగును. అట్లే పండుగ పిమ్మట నిశ్శబ్దమైన ఇంటిలో వృద్ధులైన తలిదండ్రులు మిగులుదురు. వారానికొక్క దినమైనను వారి గొంతు వినవలెను.

మరలి పోవుటకు ఉద్యోగమే లేనివారును కలరు. చదివిన చదువుకు తగిన పని దొరకక పండుగ నాడు బంధువుల ప్రశ్నలకు తల వంచుకొనిన యువకులు ప్రతి ఊరను ఉన్నారు. శరణులలో గింజలేరినవాడు కలడు, త్రాళ్ళు పేనిన నులియ చందయ్య కలడు, బట్టలుతికిన మడివాళ మాచయ్య కలడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించిన కుమ్మర గుండయ్య కుండపై దరువు వేయగా శివుడే ఆడెను. చేతికి దొరకిన పని నిజాయితితో చేయువాడు ఎవ్వరికిని తీసిపోడు. బంధువులు ప్రశ్నించుటకు బదులు పని చూపుట దాసోహములలో నొకటి.

లింగము వెంట వచ్చును

బసవేశ్వరుడు స్వయముగా బిజ్జలుని కొలువున భాండాగారపు లెక్కలు చూచినవాడు. పగలు రాజు కొలువు, ఇంట జంగమ దాసోహము, శరణులతో అనుభవ గోష్ఠి. ఇవి ఆయనకు మూడు వేర్వేరు బ్రతుకులు కావు. కాయకమునందే కైలాసమును చూచిన ఆ మహానుభావుని మార్గమున పనిచోటు దేవునికి దూరమైన చోటు కాదు.

స్థావరమును మాత్రమే నమ్మినవానికి గుడి విడుచుట ఎడబాటు. ఇష్టలింగధారికి ఎడబాటెక్కడిది? బస్సులో కూర్చుండినపుడు అతని ఎదపై లింగమున్నది. కార్యాలయమున కలము పట్టినపుడును, నాగలి మేడి పట్టినపుడును, త్రాసు పట్టినపుడును ఉన్నది. పండుగ ఊరిలో మిగిలిపోవచ్చును, లింగము మిగిలిపోదు. ఈ ఎరుకతో పనికి మరలినవాడు సిద్ధరాముని వలె తన ఊరినే శ్రీశైలము చేయును.

శ్రీ మల్లికార్జునుడు, శ్రీ గురుబసవేశ్వరుడు సకల భక్తకోటి కాయకములను సఫలము చేయుదురు గాక.

శరణు శరణార్థి.