శూరుల పట్టికలో ఊరియా



కోయంబత్తూరు, మధురై ప్రాంతములలోని మన పాత తెలుగు కుటుంబములకు సైన్యము అను మాట క్రొత్తది కాదు. మన పూర్వికులలో కొందరు విజయనగర కాలమున నాయకుల సేనల వెంట ఈ దేశమునకు వచ్చినవారే. (మగ్గములతో వచ్చినవారును, ఊళ్లు శుభ్రపరచుటకు చీపురు చేతబట్టినవారును వారికంటె తక్కువవారని మేము చెప్పుట లేదు.) నేటికిని మనకు ఇంట తెలుగు, వీధిలో తమిళము. కనుక ఆ రెండు భాషలవారికిని చెందిన ఒక సంగతిని మీతో ధ్యానింపగోరుచున్నాము.

2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది ప్రాణములు విడిచిరి. తుపాకులు ప్రేలలేదు, చేయి చేయి కలిపి జరిగిన పోరాటమది. 16వ బిహార్ పటాలమునకు అధిపతియైన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు సూర్యాపేటవాడు, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివినవాడు. గాయపడియు వెనుదీయక, ముందు నిలిచి తనవారిని నడిపించి అక్కడనే ఒరిగిపోయెను. అదే రాత్రి హవల్దారు కె. పళనియు మరణించెను. ఇతడు ఫిరంగి దళమువాడు. ఊరు రామనాథపురం జిల్లా కడుక్కలూరు. జూన్ 18న ఒకరి అంత్యక్రియలు సూర్యాపేట యొద్దను, మరియొకరివి కడుక్కలూరులోను జరిగెను. పళని దేహమును తెచ్చిన విమానము దిగినది మన మధురైలోనే. ఇరువురికిని భార్య, ఇద్దరేసి చిన్నబిడ్డలు.

2021 జనవరిలో సంతోష్ బాబుకు మహావీర చక్రము, పళనికిని మరి ముగ్గురు మృతవీరులకును వీర చక్రము ప్రకటించిరి. ఆ సంవత్సరము నవంబరు 23న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారి చేతులనుండి సంతోష్ బాబు తల్లియు భార్యయు ఆ పతకమును అందుకొనిరి. అయితే ప్రకటన వెలువడినప్పుడే ఆయన తండ్రి, పరమవీర చక్రము వచ్చునని ఆశించితిమి, మాకు పూర్తి తృప్తి లేదు అని పత్రికలవారితో చెప్పెను. ఇది విని, చనిపోయిన పిమ్మట పతకము చిన్నదైననేమి, పెద్దదైననేమి అనువారున్నారు. మేము అట్లు తలంచము. కుమారుని పోగొట్టుకొన్న తండ్రి సరియైన లెక్క అడుగుచున్నాడు. దానికి గర్వమని పేరు పెట్టరాదు.

2 సమూయేలు 23వ అధ్యాయము తెరచి చూడుడి. దావీదు శూరులకును తరగతులున్నవి. మొదట ముగ్గురు, తరువాత ముప్పదిమంది. అబీషై ఎంత ఘనుడైనను, బెనాయా మంచుకాలమున గోతిలో దిగి సింహమును చంపినవాడైనను, ఆ మొదటి ముగ్గురితో సమానులు కాలేదని లేఖనము దాచక చెప్పుచున్నది. కావున తరగతులు ఏర్పరచుట తప్పు కాదు. అయితే ఆ పట్టిక ముగియు పేరు ఎవరిది? హిత్తీయుడైన ఊరియాది. అన్యదేశపు పుట్టుకవాడు, యెరూషలేములో కాపురమున్నవాడు, తాను సేవించిన రాజుచేతనే మరణమునకు పంపబడినవాడు. ఆ రాజు శూరుల జాబితాలోనుండి అతని పేరు కొట్టివేయబడలేదు. అతనితో కలిపి లెక్క ముప్పదియేడు. పరాయి ఊరిలో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఈ వచనము బోధించితిమా?

మరియొక విశేషము. మన దేశపు పతకములలో అన్నిటికంటె పైదైన పరమవీర చక్రము కంచుది. దాని క్రిందివైన మహావీర చక్రము, వీర చక్రము రెండును వెండివి. తూకము వేసి వెల కట్టు కంసాలికి ఈ లెక్క బోధపడదు.

పళనిని గూర్చి ఆ దినములలో పత్రికలలో వచ్చిన మాట ఒకటి మమ్మును విడువకున్నది. క్రొత్తగా కట్టించుకొన్న యింటి గృహప్రవేశమునకు అతడు రాలేకపోయెనట. ద్వితీయోపదేశకాండము 20:5 చూడుడి. క్రొత్త యిల్లు కట్టి ఇంకను ప్రతిష్ఠింపనివాడు యుద్ధమునుండి ఇంటికి మరలిపోవచ్చునని అక్కడ సెలవున్నది. అతడు చనిపోయినయెడల వేరొకడు ఆ యింట ప్రవేశించునేమో అని దేవుడు ముందే ఆలోచించెను. సరిహద్దు కాచువానికి ఆ సెలవు దొరకలేదు. ఇక ఆ గడపలో ఉన్నవారి మాట ఏమి?

ఇక్కడ మన సంఘముల పని మొదలగుచున్నది. జనవరి 26న సైనికుని భార్యకు శాలువ కప్పి, ఫోటో తీయించి, ఫలహారము పెట్టి పంపుదుము. ఫిబ్రవరిలో ఆమె పింఛను కాగితములు పట్టుకొని కచేరీ మెట్లమీద ఒంటరిగా కూర్చుండును. ఆ కాగితము చదివిపెట్టుటకు తమిళము, ఇంగ్లీషు వచ్చిన యౌవనస్థులు మనలో కొదువా? నెలకు ఒక పూట చాలును. పెద్దలు ఈ విషయము సంఘ కూటములో పెట్టవలెనని కోరుచున్నాము.

వచ్చే జూన్ 15న ప్రార్థనలో సూర్యాపేట కుటుంబమును జ్ఞాపకము చేసికొనునప్పుడు, కడుక్కలూరు కుటుంబమును కూడ పేరు పెట్టి జ్ఞాపకము చేసికొనుడి. మధురై సంఘమువారికి ఆ ఊరు దూరము కాదు.